జిల్లాకంటే ముందు పుట్టినవాళ్ళు

మా జిల్లాకి రెండేళ్ళు. అంటే ఇంకా పాలపళ్ళు కూడా పూర్తిగా రాలేదన్నమాట. అయినా దానికి చరిత్ర ఉంది. నూట తొంభై పేజీలు, గట్టి అట్ట, అట్టమీద కలెక్టరుగారి ఫోటో. ఆ చరిత్ర రాసినవాణ్ణి నేనే. కలెక్టరాఫీసులో సి సెక్షన్ సీనియర్ అసిస్టెంటుని, పేరు కామేశం. ఇవాళ ఈ జిల్లా జనం పడుతున్న అవస్థలో సగానికి కారణం ఆ పుస్తకంలో నేను రాసిన మొదటి రెండు వాక్యాలు. మిగతా సగానికి కారణం వాటిని చదివినవాళ్ళు. ఎవరూ చదవరులే అనుకున్నాను. సర్కారు పుస్తకం కదా, బీరువాలో పెట్టి తాళం వేస్తారనుకున్నాను. నా ఖర్మ, చదివారు.

ముందు జిల్లా ఎలా పుట్టిందో చెప్పాలి. పాత జిల్లా మరీ పెద్దదైపోయిందనీ, పరిపాలన ప్రజల గుమ్మంలోకి రావాలనీ రాజధానిలో ఎవరికో తోచింది. ఫిబ్రవరి పదకొండో తారీఖు ఉదయం పదిన్నరకి లంకలపాడులో రిబ్బను కత్తిరించారు. పది ఇరవై తొమ్మిదికి మేమందరం పాత జిల్లావాళ్ళం, పది ముప్ఫై ఒకటికి కొత్త జిల్లావాళ్ళం. ఊరి చివర మూతబడ్డ కొబ్బరిపీచు ఫ్యాక్టరీని కలెక్టరాఫీసు చేశారు. ఇప్పటికీ ఫైలు దులిపితే పీచు రాలుతుంది. పరిపాలన గుమ్మంలోకి వచ్చిన మాట నిజమే. లోపలికి రాకుండా అక్కడే అడ్డంగా పడుకుంది, అంతే.

మొదటి వార్షికోత్సవానికి రెండు నెలల ముందు రాజధాని నుంచి తాఖీదు వచ్చింది. ప్రతి జిల్లా తన 'చరిత్ర – పరిపాలన' గ్రంథాన్ని ప్రచురించాలి, నూట యాభై పేజీలకు తగ్గరాదు. మా పరిపాలనాధికారి ఆకొండి విశ్వపతిగారు నన్ను పిలిచారు.

"ఏడాది నిండని జిల్లాకి నూట యాభై పేజీల చరిత్ర ఎక్కణ్ణించి తెమ్మంటారండీ?" అన్నాను.

"అది మీ పరిధిలోని అంశం. చరిత్ర లేనిచోట పరిపాలన రాయండి, పరిపాలన లేనిచోట చరిత్ర రాయండి," అన్నారాయన.

అలాగే రాశాను. రిబ్బను కత్తిరించిన ఫోటోలు ముప్ఫై పేజీలు, తాసిల్దార్ల ఫోన్ నెంబర్లు నలభై పేజీలు, వానల పట్టికలు, కలెక్టరుగారి సందేశం, కలెక్టరుగారి సందేశానికి మంత్రిగారి అభినందన. కానీ మొదలంటూ ఒకటి ఉండాలిగా. "ఈ జిల్లా ఫిబ్రవరి పదకొండున పుట్టింది. అంతకు ముందు ఈ జిల్లా లేదు" అని మొదలుపెట్టాను. పుస్తకం మొత్తంలో నిజం ఆ ముక్కే కాబట్టి, రాసినప్పుడు కాస్త గర్వపడ్డాను కూడా.

విశ్వపతిగారి గురించి ఒక్కమాట. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన సొంతంగా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ప్రతిదానికీ పైవారిని 'స్పష్టత' కోరతారు. ఒకసారి ఆఫీసులో పాము దూరితే, అది విషసర్పమా కాదా అని అటవీశాఖని స్పష్టత కోరుతూ ఉత్తరం రాశారు. జవాబు వచ్చేలోగా ఆ పాము తన దారిన తాను పోయింది. అలాంటాయన నా మొదటి రెండు వాక్యాలు చదివి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"కామేశంగారూ, ఫిబ్రవరి పదకొండుకు ముందు ఈ జిల్లా లేదంటారు?"

"లేదు కదండీ."

"లేని జిల్లాలో ఒక వ్యక్తి ఎలా జన్మించగలడు? మనం ఏడాదిగా స్థానికత సర్టిఫికెట్లు జారీ చేస్తున్నాం. అందులో ఏముంటుంది? 'ఈ జిల్లాయందు జన్మించినవారు' అని ఉంటుంది. ఇది అత్యంత కీలకమైన అంశం. కూలంకషంగా పరిశీలించవలసి ఉంది."

"అయ్యా, వదిలెయ్యండి. ఎవరూ అడగలేదు కదా," అని బతిమాలాను. ఆయన అప్పటికే ఉత్తరం చెప్పి రాయించేస్తున్నారు.

మా ఇలాకాలో పింఛను కాయితం రాజధాని వెళ్ళి రావడానికి మూడేళ్ళు పడుతుంది. ఈ ఉత్తరానికి పదకొండు రోజుల్లో జవాబొచ్చింది. 'పై విషయమును పరిశీలించడమైనది. ఫిబ్రవరి పదకొండవ తేదీకి పూర్వము జన్మించినవారు సదరు జిల్లాయందు జన్మించినట్లు భావించుటకు వీలులేదు. కావున వారెల్లరూ స్థానికేతరులుగా పరిగణింపబడుదురు.' కింద సంతకం. ఎవరిదో తెలియదు. మా శాఖలో సంతకానికి మనిషి ఉండనక్కర్లేదు.

జిల్లా జనాభా పదకొండు లక్షలు. జనన రిజిస్టరు ప్రకారం లెక్క తీస్తే స్థానికులు పద్నాలుగు వేల ఆరుగురు తేలారు. అందరిలోకీ పెద్ద స్థానికుడికి ఏడాది దాటి రెండు నెలలు. ఆఫీసు ముందు రెండు వరసలు కట్టించారు. 'స్థానికులు' అని రాసిన కిటికీ దగ్గర గుమాస్తా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవాడు. 'స్థానికేతరులు' వరస బస్టాండు దాకా ఉండేది. నేనూ కలెక్టరుగారూ విశ్వపతిగారూ అందరం స్థానికేతరులమే. అయితే మాకు జీతాలొస్తాయి కాబట్టి అది మాకు అంతగా తగల్లేదు.

తగిలింది మేడిశెట్టి నూకరత్నానికి.

సముద్రానికి మూడు మైళ్ళ ఇవతల మొగలిలంక అని ఒక ఊరుంది. పొలాల్లోని మురుగునీరంతా ఒక కోడులో, అంటే పెద్ద మురుగుకాలవలో పడి, ఆ ఊరి పక్కనుంచి సముద్రంలోకి పోతుంది. కోడుకి అడ్డంగా నాలుగు ఇనప తలుపులు, ఒక్కో తలుపుకీ పైన తిప్పే చక్రం. సముద్రం పోటుమీద ఉన్నప్పుడు తలుపులు దించాలి, లేకపోతే ఉప్పునీళ్ళు ఎదురెక్కి పొలాల్లోకి వచ్చేస్తాయి. పాటు తీసి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఎత్తాలి, లేకపోతే మురుగు నిలిచి చేను కుళ్ళిపోతుంది. రోజుకి రెండుసార్లు దించడం, రెండుసార్లు ఎత్తడం. ఈ పని చేసే మనిషిని లస్కరు అంటారు. నూకరత్నం మొగుడు సూర్యం లస్కరుగా పనిచేస్తూ, ఒక వరదలో ఆ తలుపుల మీదనుంచే జారిపడి చనిపోయాడు. ఆ మర్నాటి నుంచీ ఆవిడే తిప్పుతోంది. ఆరేళ్ళు తాత్కాలికం. ఆ ఏడాది పోస్టు పర్మినెంటు చేస్తామన్నారు. కావలసిందల్లా ఒక్క స్థానికత సర్టిఫికెట్టు.

ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చిన రోజు నాకు గుర్తుంది. నలభై ఏళ్ళుంటాయి. చక్రం తిప్పి తిప్పి అరచేతులు కాయలు కాసి ఉన్నాయి.

"బాబుగారండి, సర్టిఫికెట్ ఇయ్యనంటన్నారండి. నేను పుట్టింది మొగలిలంకే. మా అమ్మ పుట్టింది మొగలిలంకే. పెళ్ళి కూడా ఎదురింటాయన్నే చేసుకున్నానండి. ఊరు దాటి ఎరగను."

ఆవిణ్ణి విశ్వపతిగారి గదిలోకి తీసుకెళ్ళాను.

"మీరు జన్మించిన నాటికి మొగలిలంక పాత జిల్లాలో ఉండెను. కావున అక్కడ దరఖాస్తు చేసుకోవలెను," అన్నారాయన.

"ఎళ్ళొచ్చానండి. మొగలిలంక మా జిల్లాలో లేదు, లేని ఊళ్ళో పుట్టావని ఎలా రాత్తామంటన్నారు. అటెళ్తే ఊరు లేదంటన్నారు, ఇటొత్తే జిల్లా లేదంటన్నారు. మరి మా అమ్మ నన్నెక్కడ కన్నట్టండి? గాల్లోనా?"

"ఆ విషయమై మీ తల్లిగారు లిఖితపూర్వకంగా తెలియజేయవలసి ఉంటుంది."

"మా అమ్మ పోయి పన్నెండేళ్ళయిందండి."

విశ్వపతిగారు వేళ్ళమీద ఏళ్ళు లెక్కపెట్టారు. "అయితే ఆమె మరణం కూడా ఈ జిల్లాలో జరగలేదు," అన్నారు.

నూకరత్నం నా వంక చూసింది.  ఆవిడ వెళ్ళిపోయాక కూర్చుని ఒక నోటు రాశాను. 'సదరు వాక్యాలు రాసినది నేనే. పొరపాటు నాది. జిల్లా కొత్తదే గానీ నేల పాతదే. సవరణకు అనుమతించగలరు.' రాసి విశ్వపతిగారి ముందు పెట్టాను.

"సవరణా? అది అచ్చయిన చరిత్ర కదండీ. జిల్లా చరిత్రను సవరించాలంటే ఆ జిల్లా స్థానికుడై ఉండాలి. తమరి జననం?"

"యాభై తొమ్మిదేళ్ళ కిందటండి."

"చూశారా మరి," అన్నారాయన జాలిగా.

నేను గట్టిగా మాట్లాడాల్సింది. మాట్లాడలేదు. ఇంకా మూడేళ్ళ సర్వీసుంది, గౌరవంగా దిగిపోదామని నోరు మూసుకుని నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను.

మే నెలలో ప్రకటన వెలువడింది. 'మొగలిలంక లస్కరు పోస్టు – ఒకటి. స్థానికులు మాత్రమే అర్హులు. కనీస వయస్సు పద్దెనిమిది సంవత్సరములు. స్థానికులకు పదిహేడు సంవత్సరముల సడలింపు కలదు.' గరిష్ఠ వయసు సడలించడం అందరూ చూశారు. కనిష్ఠ వయసు సడలించిన ఘనత మాదే.

మొగలిలంక చుట్టుపక్కల ఏడాది నిండిన స్థానికులు తొమ్మిదిమంది దొరికారు. తొమ్మిదిమందినీ ఇంటర్వ్యూకి పిలిచాం. తల్లులు వరండాలో ఆగాలి, ఎందుకంటే వాళ్ళు స్థానికేతరులు. అభ్యర్థుల్ని ఒక్కొక్కరిగా నేనే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాలి. నా చొక్కా మూడుసార్లు తడిసింది.

"పోటు అనగానేమి?" అని విశ్వపతిగారు అడిగారు. మొదటి అభ్యర్థి గుక్కపట్టి ఏడ్చాడు. రెండో అభ్యర్థి హాల్ టిక్కెట్టు నమిలాడు. మూడో అభ్యర్థి నా భుజం మీదే నిద్రపోయాడు.

"స్థిరచిత్తం కనబడుతోంది. రాసుకోండి," అన్నారాయన.

పక్కన కూర్చున్న మురుగునీటి శాఖ ఇంజినీరు ఉండబట్టలేక అన్నాడు. "సార్, ఆ చక్రం తిప్పాలంటే కండ బలం కావాలండి. ఆ నూకరత్నం అయితే..."

"శిక్షణ ఇవ్వండి. నియామకం మా పరిధి, శిక్షణ మీ పరిధి," అన్నారు విశ్వపతిగారు. 

ఆరో అభ్యర్థి పేరు హన్విక, ఏడాది దాటి మూడు నెలలు. లోపలికి తీసుకెళ్ళగానే బల్లమీదున్న ఇంజినీరుగారి తాళాల గుత్తి పట్టుకుంది. ఎంత లాగినా వదల్లేదు. తాళాలపట్ల బాధ్యతాభావం మెండుగా కలదని నమోదు చేసి, ఆ పాపని ఎంపిక చేశారు. తాళాల గుత్తి సాయంత్రం దాకా ఇంజినీరుకి దక్కలేదు.

హన్విక తల్లి దుర్గాభవానికి నూకరత్నం వరసకి మేనత్త. ఆఫీసు మెట్లమీద దుర్గాభవాని నూకరత్నం చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"నాకేం తెలీదత్తా. వద్దంటే రేషనూ పథకాలూ అన్నీ ఆపేత్తామన్నారు. నీ కూడు మేం లాక్కుంటామా?"

"నిన్నేటంటానే. ఈళ్ళ బుర్రలు కాలిపోను. ఏడవకు, పిల్ల బెంగెట్టుకుంటది," అంది నూకరత్నం.

జూలైలో హన్విక ఉద్యోగంలో చేరింది. చేరిక పత్రం మీద వేలిముద్ర తీసుకుని, బాధ్యతల అప్పగింత జరిపించమని నన్ను మొగలిలంక పంపారు. ఉదయం ఎనిమిది గంటలు. ఆషాఢ అమావాస్య. నాట్లు పడి వారం అయింది. కోడుకి అవతల ఎనిమిది వందల ఎకరాలు లేతపచ్చగా ఉన్నాయి. తలుపులు నాలుగూ ఎత్తి ఉన్నాయి, మురుగునీళ్ళు సముద్రంవేపు పోతున్నాయి.

నూకరత్నం తాళంచెవి పాప చేతిలో పెట్టింది. పాప దాన్ని నోట్లో పెట్టుకుంది. నేను పాప బొటనవేలు సిరాలో ముంచి కాయితం మీద నొక్కాను.

"బాబుగారండి, ఇయ్యాల అమాస. ఇంకో అరగంటలో పోటొచ్చేత్తది. మూడో తలుపు మొరాయిత్తది, ముందు దాన్ని దించుకోవాలి. దించేసి ఎల్లిపోతానండి," అంది నూకరత్నం.

నేను విశ్వపతిగారికి ఫోను చేశాను.

"అప్పగింత పూర్తయిందా?"

"అయిందండి. కానీ పోటు..."

"అప్పగింత పూర్తయిన మీదట సదరు మహిళ ప్రభుత్వ ఆస్తిని తాకరాదు. విధులు ఉద్యోగియే స్వయంగా నిర్వర్తించవలెను. ఇతరులు నిర్వర్తించినచో అది నకిలీ హాజరు కిందికి వస్తుంది. ఆమెను ఇరవై అడుగుల దూరంలో ఉంచండి."

తలుపుల చుట్టూ తాడు కట్టాం. ఒక కానిస్టేబుల్ని కూడా పంపారు. దుర్గాభవాని పాపని ఎత్తుకుని తలుపుల గట్టుమీద నిలబడవచ్చు, కానీ చక్రం ముట్టుకోకూడదు. ఆ తల్లికి మా కాయితంలో ఇచ్చిన హోదా 'ఉద్యోగిని రవాణా నిమిత్తం'. హన్విక బిస్కట్టు తింటూ చక్రాన్ని చేత్తో తట్టింది. అది విధి నిర్వహణ కిందికే వస్తుందని నేను రాసుకున్నాను.

ఎనిమిదిన్నర దాటాక కోడులో నీళ్ళు ఆగాయి. కాసేపు అటూ ఇటూ ఊగాయి. తర్వాత నురగతో వెనక్కి తిరిగాయి. రైతులు గట్టుమీదికి పరుగెత్తుకొచ్చారు.

"అమ్మా, దించమ్మా! ఓ నూకరత్నం, దించవే!" అని ఒకటే కేకలు.

"ఎలా దించనురా? తాడు కట్టారు కదరా నాకు!" అని ఆవిడ అరిచింది. కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు. నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. లైను బిజీ. విశ్వపతిగారు స్పష్టత కోరుతున్నారట.

ముప్పావుగంట చూసింది నూకరత్నం. ఉప్పునీళ్ళు మొదటి మళ్ళలోకి దిగడం కళ్ళారా చూసింది. ఇక ఆగలేదు. కానిస్టేబుల్ని ఒక్క తోపు తోసి తాడు దాటింది. చీర బిగించి మూడో తలుపు చక్రానికి వేలాడింది. దుర్గాభవాని పాపని తెచ్చి నా చేతుల్లో కుక్కి, తనూ ఒక చెయ్యి వేసింది. రైతులు మిగతా చక్రాల మీద పడ్డారు. నేనేం చేశానంటారా? జిల్లా లస్కరుగారిని ఎత్తుకుని నిలబడ్డాను. ఆవిడ నా జేబులో పెన్ను లాగి కోడులో పారేసింది.

తలుపులు పడేసరికి తొమ్మిదిన్నర అయింది. నాలుగోరోజుకి మూడు వందల ఎకరాల నాట్లు ఎర్రబడి చచ్చిపోయాయి. మిగతా అయిదు వందల ఎకరాలూ బతికాయంటే అది నూకరత్నం పుణ్యం. ఊళ్ళో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. కానీ ఊళ్ళో ఎవరూ స్థానికులు కారు.

విచారణ జరిగింది. విధి నిర్వహణలో అలసత్వం వహించినందుకు ఏల చర్య తీసుకొనరాదో ఏడు రోజులలోగా తెలుపవలసిందిగా హన్వికకి చార్జిమెమో ఇచ్చాం. ఇచ్చింది నేనే. పాప దాన్ని రెండుగా చింపి, ఒక సగం నమిలింది. 'సంజాయిషీ సంతృప్తికరముగా లేదు' అని రాసుకున్నారు. సస్పెండు చేశారు. సస్పెన్షన్లో ఉన్న ఉద్యోగి మొగలిలంక విడిచి వెళ్ళరాదు కాబట్టి, కొండమీద తీయించాల్సిన పాప పుట్టువెంట్రుకలు ఆగిపోయాయి. అనుమతి కోసం దుర్గాభవాని పెట్టిన అర్జీ ఇప్పటికీ నా బల్లమీదే ఉంది.

పంటనష్టం నివేదిక కూడా సి సెక్షన్ నుంచే వెళ్ళాలి. దాంట్లో ఒక గడి ఉంది. 'నష్టపోయిన స్థానిక రైతుల సంఖ్య'. విశ్వపతిగారు నా భుజంమీద చెయ్యి వేసి ఆ గడి చూపించారు. నేను 'లేరు' అని రాశాను. నెల తిరక్కుండా రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఉప్పునీటి విపత్తులో ఒక్క స్థానికుడికీ నష్టం వాటిల్లకుండా కాపాడిన ఏకైక జిల్లా మాదేనట. దాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించారు.

నూకరత్నం మీద మాత్రం కేసు పెట్టారు. స్థానికేతరురాలైయుండి ప్రభుత్వపు తలుపులను అక్రమముగా దించుట, విధులలో ఉన్న కానిస్టేబులును నెట్టుట. నెలకోసారి లంకలపాడు కోర్టుకి వచ్చి, వాయిదా తీసుకుని వెళుతుంది.

ఇంత జరిగాక ఆ తలుపులెవరు తిప్పుతున్నారో చెప్పాలా? ఆవిడే. రికార్డుల ప్రకారం లస్కరు సస్పెన్షన్లో ఉంది, పోస్టు ఖాళీగా ఉంది, తలుపులు వాటంతటవే దిగి లేస్తున్నాయి. మా అందరికీ తెలుసు. తెలిసినట్టు రాస్తే నకిలీ హాజరు అవుతుంది కాబట్టి ఎవరమూ రాయలేదు.

శీతాకాలంలో ఒకరోజు సర్వే పనిమీద వెళ్ళి, ఆవిణ్ణి గట్టుమీద చూశాను. ఉండబట్టలేక అడిగాను. "జీతం లేదు, కేసుంది. ఇంకా ఎందుకమ్మా నీకీ చాకిరీ?"

చక్రం తిప్పడం ఆపకుండానే చెప్పింది. "నన్ను తీసేశారని పోటుకి తెలీదు కదండి."

చక్రం ఆపి నావేపు తిరిగింది. "పుస్తకం రాసింది తమరేనంట కదండి?"

"నేనేనమ్మా."

"అయితే ఓ పాలి సూసి సెప్పండి. మా ఆయన ఇదిగో ఈ రాయి మీదే పడ్డాడు. తల పగిలి, రగతం ఇక్కడిదాకా కారింది. ఆ రగతం మీ జిల్లాలో పడ్డట్టా, బయట పడ్డట్టా?"

నాకు సిగ్గేసింది. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. బస్సు వేళయిందని చెప్పి వచ్చేశాను.

ఈ ఫిబ్రవరి పదకొండున రెండో వార్షికోత్సవం. జిల్లా స్థానికుల్లో మొట్టమొదటి ప్రభుత్వోద్యోగి ఊరు కాబట్టి సభ మొగలిలంకలోనే పెట్టారు, బడి ఆవరణలో. బడి వెనకే కోడుగట్టు, తలుపులు దించకపోతే పోటునీళ్ళు ముందు ఎక్కేది ఆ ఆవరణలోకే. ఆ పూటకి సస్పెన్షన్ సడలించి, హన్వికని వేదికమీద కూర్చోబెట్టారు. 'ప్రథమ స్థానికోద్యోగిని' అని శాలువా కప్పితే పాప దాని కిందికి దూరి దాగుడుమూతలు ఆడింది. జనం చాలక కుర్చీలు ఖాళీగా కనబడుతున్నాయని ఇంటింటికీ మనుషుల్ని పంపి తోలుకొచ్చారు. అలా నూకరత్నం కూడా వచ్చి, నాలుగో వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. అయిదు వందల ఎకరాల్లో రెండో పంట దాళ్వా వరి పచ్చగా ఉంది. గట్టు వెనక తలుపులు ఎత్తి ఉన్నాయి.

కలెక్టరుగారు ప్రసంగం మొదలుపెట్టారు. "మూలాలను మరచిన జాతికి మనుగడ లేదు. ఈ మట్టిలో పుట్టినవారికే ఈ మట్టి విలువ తెలుస్తుంది. వారిని గుర్తించి గౌరవించడమే మన పరిపాలన ధ్యేయం..."

అలా ఇరవై నిమిషాలు దాటింది. నూకరత్నం రెండుసార్లు తల తిప్పి గట్టువేపు చూసింది. ముక్కు ఎగబీల్చింది. గాలి మారిందో ఏమో, మాకెవరికీ తెలియలేదు. మూడోసారి చూసి లేచి నిలబడింది. చెంగు నడుముకి దోపుకుని, వేదిక ముందునుంచే, కలెక్టరుగారి కళ్ళెదుటే, చరచరా నడుచుకుంటూ బయటికి పోయింది.

కలెక్టరుగారు మాట ఆపారు. మైకు గుయ్యిమంది. "ఎవరావిడ? నేను మాట్లాడుతుంటే లేచి వెళ్ళిపోతోందేమిటి?"

విశ్వపతిగారు వేదిక పక్కన నిలబడ్డ నావేపు చూశారు. కలెక్టరుగారూ నావేపు చూశారు. ఆవిడ పేరు నాకు తెలుసు. ఊరు తెలుసు. ఆవిడ అమ్మ ఎక్కడ కన్నదో తెలుసు, మొగుడు ఏ రాయిమీద పడ్డాడో తెలుసు. ఎక్కడికి వెళుతోందో కూడా తెలుసు. ఒక్క పేరు పలికితే చాలు. రెండేళ్ళ సర్వీసుంది నాకు ఇంకా.

"ఎవరో అండి. స్థానికురాలు కాదు," అన్నాను.

"ఓహో, అదీ సంగతి," అని కలెక్టరుగారు మళ్ళీ ప్రసంగం అందుకున్నారు. వెనక గట్టుమీద ఇనప చక్రం కిర్రుమంటూ తిరగడం మైకుహోరులోనూ వినబడుతూనే ఉంది. ప్రసంగం ఇంకో గంట సాగింది. అంతసేపూ మా కుర్చీల కింద నేల పొడిగానే ఉంది.